పడవెక్కిన పెళ్లికారు

మనుబోలు నుంచి మద్రాసుకు నా సొంత కారులో పదిసార్లు వెళ్లివచ్చానని మా చుట్టుపక్కల చాలామందికి తెలుసు. నేనే చెప్పాను కాబట్టి తెలుసు. నిజానికి ఇప్పుడు చెప్పబోయే ప్రయాణానికి ముందు వెళ్లింది ఒక్కసారే. ఆ ఒక్కసారి కూడా సూళ్లూరుపేట దాటాక నాలుగు మైళ్లు కారును ఎడ్లబండి వెనక కట్టించి లాగించాను. ఈ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. ఎందుకంటే కిందటి డిసెంబరులో మేము చేసిన ప్రయాణం గురించి విని, అదే దారిన పోదామనుకునేవాళ్లు కొందరు వచ్చి నన్ను వివరాలు అడుగుతున్నారు. వాళ్లు నా మాట నమ్మి నీళ్లలో పడకూడదు.

ప్రయాణానికి కారణం పెళ్లి. మా చెల్లెలు రూతమ్మ మద్రాసులో రాయపురంలో ఉంటుంది. భర్త పోయి మూడేళ్లయింది. ఆమె కూతురు ఎస్తేరు పెళ్లి నిశ్చయమైనప్పుడు నేను అందరి ముందూ ఒక మాట ఇచ్చాను. పెళ్లికూతురు నా కారులో చర్చికి వెళుతుందని, తండ్రి స్థానంలో నేను చెయ్యి పట్టుకుని లోపలికి నడిపిస్తానని. ఆ మాటకు నేను తప్ప అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. నేను కారు టైర్ల గురించి ఆలోచిస్తున్నాను.

పెళ్లికి పది రోజుల ముందు ఎస్తేరు కార్డు రాసింది. "మామయ్యా, గురువారం పదింటికి. నీ లెక్క పది కాదు, చర్చి గడియారం పది. పదకొండింటికి అక్కడే ఇంకో పెళ్లి ఉంది. నువ్వు అందకపోతే సంఘపెద్దల్లో ఒకాయన నన్ను నడిపిస్తాడని పాస్టరుగారు అంటున్నారు. నేను ఒప్పుకోలేదు." అంతే. కింద సంతకం కూడా లేదు.

బుధవారం వెలుగు రాగానే ఆరు గంటలకు నేను, మా ఆవిడ గ్రేసమ్మ బయలుదేరాం. కారు ముప్పైల నాటి చిన్న ఇంగ్లీషు కారు. నేను నెల్లూరు మిషన్ ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు కాంపౌండరుగా చేశాను. అక్కడి దొరసాని డాక్టరు స్వదేశం వెళుతూ నా సేవకు మెచ్చి దాన్ని నాకు బహూకరించింది. ఇది నేను చెప్పే మాట. తీసుకునేవాళ్లు ఇంకెవరూ దొరకలేదని గ్రేసమ్మ చెబుతుంది. రెండూ అబద్ధం కాదు.

వెనక సీటులో పెళ్లిబట్టల పెట్టె, గ్రేసమ్మ, ఆమె ఒళ్లో గులాబీ పువ్వుల డబ్బా. బియ్యప్పిండితో అచ్చుకు వేసి నూనెలో కాల్చే ఆ పువ్వులు క్రిస్మసుకు మా ఇళ్లలో తప్పవు. ఈసారి పెళ్లి కోసం ముందే చేసింది. ఏడు గంటలకు గూడూరు. అక్కడ ఇడ్లీ, కాఫీ. తొమ్మిదిన్నరకు నాయుడుపేట. అక్కడ కారు దాహం తీర్చడానికి రెండు బిందెల నీళ్లు. పదకొండున్నరకు సూళ్లూరుపేటలో అరిటాకు భోజనం చేశాం. మనిషికి ముప్పావలా. పప్పుపులుసు బాగుంది, పెరుగు పలచన. వానలు వెలిసి నాలుగు రోజులే అయింది. రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు, వరిచేలు మునిగి తేలి మళ్లీ తలెత్తుతున్నాయి.

ఒంటిగంటన్నరకు తడ చేరేసరికి బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక కండక్టరు టీ తాగుతూ మా దగ్గరికి వచ్చాడు.

"యాడికయ్యా, మద్రాసుకా? పోలేరు. ముందర కాలవ కాడ రోడ్డు కోసకపోయినాది. మనుషులు దిగి పలకల మీద నడిచి అవతల బస్సు ఎక్కతా ఉండారు. బండ్లు పోవు."

"మరి కార్లు?"

"కాళాస్త్రి మీదుగా చుట్టు తిరిగి పోవాల. నూరు మైళ్ల పైన. అందులో సగం గుంటలే."

"అదెంత పని, రాత్రంతా తోలుకుంటూ పోతాను" అన్నాను. కండక్టరు కారు వంక, నా వంక చూసి టీ గ్లాసు ఇవ్వడానికి వెళ్లిపోయాడు.

గ్రేసమ్మ మెల్లగా చెప్పింది. "కారు ఇక్కడ ఎవరింట్లోనన్నా పెట్టి మనం నడిచి బస్సెక్కుదాం. ఆ పిల్లకు కావలసింది మీరు, కారు కాదు."

అది తెలివైన మాట. నేను దానికి ఒప్పుకోలేదు. కారులో తీసుకుపోతానని రాయపురం వీధి వీధంతా చెప్పి ఉన్నాను. ఇంకోటి కూడా ఉంది. చుట్టుదారిన రాత్రంతా తోలే సాహసం నాకు లేకపోలేదు, చూపు లేదు. రెండేళ్లుగా మసకవేళ దాటితే నాకు రోడ్డు, పొలం ఒకటే. ఇది గ్రేసమ్మకు చెప్పకుండా, "పెట్రోలు దొరకదు" అన్నాను.

కండక్టరే మళ్లీ వచ్చి దారి చూపించాడు. తడకు తూర్పున పులికాట్ సరస్సు ఒడ్డుకు మద్రాసు పోయే కట్టెల పడవలు వస్తాయి. సరస్సు మీద దక్షిణంగా పోయి, పులికాట్ ఊరి దగ్గర ఉప్పునీటి కాలువలో దిగి, తెల్లారేసరికి ఎన్నూరులో ఉంటాయి. ఎన్నూరు నుంచి రాయపురానికి పదిమైళ్లు మంచి రోడ్డు. "ఆ మధ్య ఎవరిదో జీపు ఎక్కించుకుని పోయినారంట" అన్నాడు.

రేవులో దొరికినవాడు చెంగయ్య. యాభై ఏళ్లుంటాయి. నల్లగా, సన్నగా, మాట్లాడే ముందు కొంచెం ఆగే మనిషి. పడవకు సరంగు అతనే, అంటే చుక్కాని పట్టేవాడు, మాట నిలబెట్టేవాడు. కింద పనికి మునెయ్య అని బావమరిది, ఇంకొకతను. శ్రీహరికోటలో సరుగుడు కట్టెలు ఎత్తుకుని, దారిలో తిండికి బియ్యం కొనడానికి ఈ ఒడ్డుకు వచ్చాడు. పడవ నలభై అడుగుల పైన పొడవు, ఏడడుగుల వెడల్పు. సగానికి కట్టెలున్నాయి.

చెంగయ్య కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"బరువెంతుంటాదయ్యా?"

ఇక్కడ నేను చేసిన పాపం విడిగా రాయాలి. "రెండున్నర టన్నులు. అంతా ఇంగ్లీషు ఇనుము" అన్నాను. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. అంత చిన్న కారును చూసి ఆ పడవ మనుషులు నవ్వుతారేమోనని అనిపించింది, నోరు ఆగలేదు. అరటన్నుకు కాస్త ఎక్కువ. అంతే దాని బరువు.

చెంగయ్య తల ఊపాడు. "అట్టయితే కట్టెలు దించాల. రెండూ మోస్తే పడవ ఓర్చుకోదు." ముగ్గురూ కలిసి ఆ కట్టెలన్నీ ఒడ్డున దించారు. వచ్చేటప్పుడు ఎత్తుకుంటానని చెంగయ్య అక్కడి జాలరి ఒకతనికి అప్పగించాడు. మా ప్రయాణం ముప్పై రూపాయలకు కుదిరింది. అప్పుడైనా నేను నోరు విప్పి ఉండవచ్చు. గ్రేసమ్మ నన్నే చూస్తూ ఉంది. నేను ఆకాశంలో కొంగల్ని చూశాను.

కారు ఎక్కించడం చూడవలసిన పని. పడవ రెండు అంచుల మీదా అడ్డంగా లావు దుంగలు పరిచి, వాటి మీద పొడుగు బల్లలు వేసి తాళ్లతో బిగించారు. పలకలు జారకుండా తడి ఇసుక చల్లారు. కారును వెనక్కి తిప్పి, తాడు కట్టి, ఇంచు ఇంచుగా లాగారు. చక్రాల కింద ముందూ వెనకా చెక్కముక్కలు కొట్టారు. ఒకడు చెయ్యెత్తితే ఇంకొకడు ఆగుతాడు, ఒక్క మాట రెండోసారి అనలేదు. ఆసుపత్రిలో పెద్ద ఆపరేషన్లు చూశాను, ఇంత నిశ్శబ్దంగా చేసినవి తక్కువ.

తరవాత చెంగయ్య తన గెడకర్ర తెచ్చి కారు పక్కన పడవ అంచు మీద నిలబెట్టాడు. కర్రకు కత్తితో కోసిన గాటు ఉంది. కారు పైకప్పు ఆ గాటుకు జానెడు కిందే ఉంది.

"మా నాయన కోసిన గాటు. కట్టెలు దీన్ని దాటకుండా పేర్చుకుంటే మద్రాసు దాకా ఏ వంతెనా మమ్మల్ని ఆపింది లేదు" అన్నాడు. ఆ తరవాత పడవ పక్కన నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వంగి చూశాడు. "రెండున్నర టన్నులా అయ్యా?"

"ఇంగ్లీషు టన్నులు" అన్నాను.

అతను మర్యాదస్తుడు. ఇంకేమీ అడగలేదు.

అయిదుంబావుకు తెరచాప ఎత్తారు. ఈశాన్యపు గాలి వెనక నుంచి నిండుగా పట్టింది. కుదుపు లేదు, మోత లేదు, దుమ్ము లేదు. మధ్యాహ్నం దాకా ప్రతి గుంటకూ మూలిగిన కారు ఇప్పుడు రాణిలా కూర్చుని ఉంది. గ్రేసమ్మ వెనక సీటులోనే కాళ్లు చాపుకుని అద్దంలోంచి సరస్సు చూస్తోంది. పడమట ఎర్రబడింది. లోతులేని నీళ్లలో పొడుగుకాళ్ల కొంగలు వందలకొద్దీ నిలబడి ఉన్నాయి, రెక్క విప్పితే లోపల గులాబి రంగు. వలలు తీస్తున్న జాలర్లు కారును చూసి చేతిపని ఆపేశారు. ఒకతను అరిచాడు.

"చెంగన్నా, రోడ్డు మరిచిపోయినావా?"

"రోడ్డే మమ్మల్ని మరిచిపోయిందిరా" అన్నాడు చెంగయ్య, తల తిప్పకుండా.

ఏడు గంటలకు పడవలోనే మట్టిపొయ్యి మీద అన్నం, రొయ్యల పులుసు. ఆ పులుసు నేను ఈ జన్మలో తిన్న వాటిలో మొదటిది. ఇందులో అతిశయం లేదు, కావాలంటే గ్రేసమ్మను అడగండి. మేము తెచ్చిన గోంగూర పచ్చడి వాళ్లకు పెట్టాం. మునెయ్య రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. తింటూ చెంగయ్య లారీల సంగతి చెప్పాడు. మద్రాసు కట్టెల అడితీలకు ఇప్పుడు లారీల్లో పోతున్నాయట, పడవలు ఏడాదికేడాది తగ్గుతున్నాయట. కోపంగా చెప్పలేదు. "లారీ తొందరగా పోతాది, అది నిజమే" అన్నాడు.

గాలి పడిపోయినప్పుడు మునెయ్య, అతని జోడుగాడు గెడలు దించారు. గెడ చివర భుజానికి ఆనించి పడవ ముందు నుంచి వెనక దాకా అంచు మీద వంగి నడుస్తారు. వాళ్లు వెనక్కి నడిస్తే పడవ ముందుకు నడుస్తుంది. మళ్లీ కర్ర ఎత్తుకుని ముందుకు. ఇలా గంటలకొద్దీ. నేను కూడా ఒక మైలు గెడ వేశాను. అంటే ఆరడుగులు. ఏడో అడుగున మునెయ్య నా నడుం పట్టుకున్నాడు.

పదిన్నర ప్రాంతంలో పులికాట్ ఊరి దీపాలు కనబడ్డాయి. అక్కడ కాలువలో దిగాం. నేను కారు ముందు సీటులో పడుకున్నాను. నీళ్లు పడవ పక్కన రాసుకునే చప్పుడు వింటూ, పదేళ్ల తరవాత మొదటిసారి నిద్రమందు వేసుకోకుండా నిద్రపోయాను.

"అయ్యా, లేయండి."

తెల్లవారుతోంది. గడియారం అయిదూ నలభై. పడవ ఆగి ఉంది. ఎదురుగా కాలువ మీద పాత ఇటుక వంతెన. చెంగయ్య పడవ ముందు భాగంలో నిలబడి గెడకర్ర వంతెన కడుపుకు ఆనించి చూస్తున్నాడు.

"మూడు వేళ్లు. మూడు వేళ్ల మేర కారు తగులుద్ది."

"నీ గాటు ఉంది గదా?"

"గాటు కట్టెల పడవకి. కట్టెలు నింపితే పడవ అంచు దాకా మునిగి ఉంటాది. ఇది కొంగ మాదిరి తేలతా ఉండాది. కర్రని అంచు మీద పెట్టి కొలిచినా గానీ, అంచే పైకి లేసి ఉండాదని చూసుకోలా. ముప్పై ఏళ్లలో ఉత్త పడవ మీద ఇంత ఎత్తు పెట్టి తెచ్చింది లేదు నేను." కర్ర దించాడు. "అయినా రెండున్నర టన్నులు కూర్చుంటే మునగాలే."

వెనక సీటులో గ్రేసమ్మ లేచి కూర్చుంది. ఇక దాచి లాభం లేదు.

"చెంగయ్యా, అరటన్ను."

"ఏంది?"

"కారు బరువు. అరటన్ను. మేమిద్దరం ఎక్కితే ఇంకాస్త."

"నన్ను కలపకండి" అంది గ్రేసమ్మ.

చెంగయ్య తిట్టి ఉంటే బాగుండేది. తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకున్నాడు. "ఆ కట్టెలు దించకుండా ఉంటే ఈ పాటికి ఎన్నూరులో ఉందుము" అన్నాడు.

ఎన్నూరు ఇంకా రెండున్నర మైళ్లు. కారు ఇక్కడే దించుదామంటే రెండు పక్కలా నిట్టనిలువు బురద గట్లు, వాటి అవతల ఉప్పుమళ్లు, కాలిబాట తప్ప దారి లేదు. టైర్లలో గాలి తీసేద్దామన్నాడు మునెయ్య. తిరిగి గాలి కొట్టే పంపు మనుబోలులో మా వసారా గోడకు వేలాడుతోంది. పడవలోకి నీళ్లు పోస్తే మునుగుతుంది గదా అన్నాను నేను. ముగ్గురూ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

"పడవలోకి చేతులారా నీళ్లు పొయ్యం అయ్యా. ఎవరూ పొయ్యరు" అన్నాడు చెంగయ్య. కన్నతల్లిని కొట్టమన్నట్టుగా ఉంది అతని ముఖం.

గట్టు మట్టి ఎత్తి పోద్దామంటే ఉన్నది ఒక్క పార. దానికి తోడు సముద్రం నుంచి పోటు ఎక్కుతోంది. కాలువలో నీళ్లు గంటగంటకూ లేస్తాయి. మూడు వేళ్లు నాలుగవుతాయి, నాలుగు అయిదు. పాటు వచ్చి నీళ్లు దిగేసరికి మధ్యాహ్నం. చర్చి గడియారం పదికి అక్కడ పిల్ల నిలబడి ఉంటుంది, వేరేవాళ్ల చెయ్యి పట్టుకోనని పట్టుబట్టి. పదకొండింటికి ఇంకొకరి పెళ్లి. నేను బురదలో దిగి నడిచి పోదామా అని చెప్పులు విప్పాను. రెండున్నర మైళ్లు ఉప్పుమళ్ల గట్ల మీద, ఆ పైన బస్సు. నా మోకాళ్లతో అందుతానో లేదో దేవుడికే తెలియాలి.

అప్పుడు గట్టు మీద మనుషులు కనబడ్డారు. ఉప్పుమళ్లలో పనికి పోయేవాళ్లు, ఆడామగా ముప్పై మంది దాకా, బుట్టలు, ఉప్పు లాగే పలకలు భుజాన వేసుకుని వరసగా వస్తున్నారు. పడవ మీద కారును చూసి ఆగిపోయారు. ముందున్న ముసలామెను అందరూ మంగమ్మా అని పిలుస్తున్నారు.

ముప్పై మంది బరువు. నాకు వెంటనే తట్టింది. లేచి నిలబడి గొంతు సవరించుకున్నాను.

"ఇదిగో, ఇది కలెక్టరుగారి కారు. అర్జంటుగా మద్రాసు చేరాలి. మీరంతా ఒక్క నిమిషం పడవలో ఎక్కి కూర్చోండి."

వాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. ఒకతను తలగుడ్డ తీసేశాడు.

"కలెక్టరు బండంటే మేం ముట్టుకోం సామీ" అంది మంగమ్మ. "గీత పడితే మా మీదకొస్తాది. మేస్త్రీ మా తోలు తీస్తాడు. పదండే, పొద్దెక్కతా ఉండాది."

వరస మళ్లీ కదిలింది. గ్రేసమ్మ కారు తలుపు తీసుకుని దుంగల మీదికి దిగింది. నన్ను చూసి ఒక్క మాట అంది.

"చెప్పండి."

చెప్పాను. అరిచి చెప్పవలసి వచ్చింది, వాళ్లు పోతున్నారు కాబట్టి. "అమ్మా, కలెక్టరు లేడు, ఎవరూ లేరు. ఈ డొక్కుకారు నాదే. పదింటికి రాయపురంలో నా చెల్లెలి కూతురి పెళ్లి. తండ్రి లేని పిల్ల. నేను చెయ్యి పట్టుకుని నడిపిస్తానని చెప్పాను. బరువు ఎక్కువని గొప్పకు అబద్ధమాడి ఈయన కట్టెలు దింపించింది నేనే. పడవ తేలిపోయి ఇక్కడ ఇరుక్కున్నాం."

మంగమ్మ ఆగింది. "చెల్లెలి కూతురా?"

"అవును."

"అంటే నువ్వు మేనమామవా?"

"మేనమామనే."

బుట్ట కింద పెట్టి కొంగు నడుముకు చుట్టింది. "పిల్లకి మేనమామ పెద్దా, కలెక్టరు పెద్దా? ముందే ఆ మాట చెప్పరాదా. మేయ్, దిగండే అందరూ. ముందు లావుగా ఉండేవోళ్లు."

"అయితే నువ్వే ముందు దిగాల అత్తా" అంది వెనక నుంచి ఒక పడుచు. గట్టంతా నవ్వింది.

ఒక్కొక్కరే బురదగట్టు జారి పడవలోకి దిగారు. కారుకు ముందు కొందరు, వెనక కొందరు, దుంగల కింద పడవ కడుపులో మిగిలినవాళ్లు. చెంగయ్య పడవ పక్క తడిగీత మీద వేలు పెట్టి చూస్తున్నాడు. పదిమందికి ఒక వేలు. ఇరవై మందికి రెండు. "ఇంకా రావాల" అంటున్నాడు. ముప్పై మందీ ఎక్కాక వంతెన కింద కర్ర పెట్టి చూశాడు. వెంట్రుకవాసి.

"మేనమామా, నువ్వు కూడా కూలబడు" అంది మంగమ్మ. "రెండున్నర టన్నులు చెప్పిన నోరు గదా, కొంచెమన్నా బరువుండకపోదు."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. గ్రేసమ్మ ఇంకో పక్క కూర్చుంది. మునెయ్య గెడ వేశాడు. పడవ చీకటిలోకి మెల్లగా జారింది. పైన ఇటుకలు మా తలల మీదుగా పోతున్నాయి. కారు పక్కనున్నవాళ్లు ఎవరూ చెప్పకుండానే ఒక అరచెయ్యి కారు కప్పు మీద, ఇంకొకటి వంతెన మీద ఆనించి, ఒకరి తరవాత ఒకరు పడవను ముందుకు తోశారు. ఉప్పుకు పగిలిన చేతులు. ఒకచోట కర్రుమంది. నెత్తి మీద ఇటుకపొడి రాలింది. తరవాత వెలుతురు.

ఆరూ ఇరవై అయిదు.

అవతలి గట్టున అందరూ దిగారు. పనికి ఆలస్యమైంది, మేస్త్రీ ఏమంటాడో తెలియదు. నేను జేబులో చెయ్యి పెడితే మంగమ్మ, "కూలికి ఎక్కలేదులే" అని ముఖం తిప్పుకుంది. గ్రేసమ్మ గులాబీ పువ్వుల డబ్బా మూత తీసి పట్టుకుంది. అది మాత్రం కాదనలేదు. బుట్టలు ఎత్తుకుని, పువ్వులు నములుతూ ఉప్పుమళ్లలోకి వెళ్లిపోయారు.

ఏడున్నరకు ఎన్నూరు రేవు. కారు దించడానికి ముప్పావుగంట. స్టార్టు కాలేదు. చెంగయ్య, మునెయ్య ఫర్లాంగు దూరం తోశారు. తొమ్మిదీ ఇరవైకి రూతమ్మ ఇంటి ముందు ఆపాను. కప్పు మీద ఎర్రగా ఇటుక గీత, సీట్ల నిండా రొయ్యల పులుసు వాసన. తెల్లచీర, ముసుగులో ఎస్తేరు గుమ్మంలో నిలబడి ఉంది. "మామయ్యా, గడియారం పదికే వచ్చావే" అంది. ఆ తరవాత ముసుగు సర్దుకునే నెపంతో లోపలికి వెళ్లి కాసేపు రాలేదు.

చర్చిలో నేను నడిచిన నడక గురించి రాయపురంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తల ఎత్తి, ఛాతీ విరిచి, పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టుకుని, వాద్యానికి అడుగు తప్పకుండా పాస్టరుగారి ముందు దాకా తీసుకుపోయాను. సైన్యంలో చేశారా అని పెళ్లికొడుకు తరఫు పెద్ద ఒకాయన నన్ను అడిగాడు. ఆ మాట విందులో నలభై మందికైనా చెప్పి ఉంటాను.

శుక్రవారం సాయంత్రానికి రోడ్డు బాగుచేశారని కబురు వచ్చింది. అయినా శనివారం ఉదయం కారును ఎన్నూరు రేవుకే తోలాను. గ్రేసమ్మే అడిగింది పడవలో పోదామని. శనివారం దాకా రేవులోనే ఉంటానన్న మాట ప్రకారం చెంగయ్య అక్కడ ఉన్నాడు. ఈసారి పడవ అడుగున సిమెంటు బస్తాలు నింపుకుని, వాటి పైన కారు ఎక్కించాడు. బరువెంతని నన్ను అడగలేదు, గ్రేసమ్మను అడిగాడు.

పోదలచినవాళ్లకు నాలుగు మాటలు. ఉత్తరంగా వచ్చేటప్పుడు గాలి ఎదురు. కాలువ గట్టున మనుషులు తాడు పట్టి పడవను లాగాలి, కాబట్టి ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు. దుప్పటి ఉండాలి, తెల్లవారుజామున మంచు బాగా కురుస్తుంది. దోమలకు వేపనూనె. పచ్చడి ఎక్కువ తీసుకెళ్లండి. కారు బరువు ఉన్నదున్నట్టు చెప్పండి. రోడ్డు మీద ఎనిమిది గంటల్లో చేరేవాళ్లు చేరవచ్చు. కానీ కారు నడపడానికి చూపు, మోకాళ్లు, ధైర్యం సరిపోనివాళ్లు నాలాంటివాళ్లు ఉంటారు. వాళ్లను అలసట లేకుండా, మాట పడనీయకుండా చేర్చే మనుషులు ఈ నీళ్ల మీద ఇంకా ఉన్నారు. అన్నట్టు చూపు సంగతి గ్రేసమ్మకు తెలిసిపోయింది. ఎప్పుడో తెలుసునట.

ఆ శనివారం పదకొండింటికి ఆ వంతెన దగ్గరికి వచ్చాం. సిమెంటు బరువుకు పడవ నిండా మునిగి ఉంది. కారుకు, ఇటుకలకు మధ్య జానెడు పైన సందు. ఉప్పుమళ్లలో తెల్లని కుప్పల మధ్య పనిచేస్తున్నవాళ్లు మమ్మల్ని చూశారు. మంగమ్మ పలక పట్టుకునే గట్టు దాకా వచ్చింది.

"మేనమామా, పదింటికి అందినావా?"

"అందినాను మంగమ్మా."

"నడిపించినావా పిల్లని?"

తల ఎత్తి, ఛాతీ విరిచి అని మొదలుపెట్టబోయాను. ఆమె అరచేతుల పగుళ్లు కనబడ్డాయి. నా నోట వేరే మాట వచ్చింది.

"లేదు. రాత్రంతా పడవలో ఉండి దిగాను గదా, చర్చిలో నాలుగడుగులు వేసేసరికి నేల ఊగింది, మోకాళ్లు వదిలేశాయి. పడిపోబోయాను. పిల్ల నా చెయ్యి గట్టిగా చంకలో ఇరికించుకుంది. నన్ను ఆనుకో మామయ్యా, ఎవరికీ తెలియదు అంది. ఆ చివరి దాకా ఆమే నన్ను నడిపించింది."

మంగమ్మ నవ్వలేదు. "పడవ దిగినోళ్లకి అంతే. రేపటికి సర్దుకుంటాది" అంది. "పిల్ల గట్టిదే" అని, పలక భుజాన వేసుకుని మళ్లీ మడిలోకి దిగింది.

పడవ వంతెన కిందికి జారింది. చల్లని చీకటి. అవతల వెలుతురులోకి వచ్చాక వెనక సీటులోంచి గ్రేసమ్మ గొంతు వినబడింది.

"ఈ సంగతి నాకు చెప్పలేదే."

"నువ్వు అడగలేదు" అన్నాను.

"అడక్కుండానే నలభై మందికి ఇంకోటి చెప్పారు గదా."

గట్టు మీద మునెయ్య, అతని జోడుగాడు తాడు భుజానికి వేసుకుని వంగి నడుస్తున్నారు. చెంగయ్య చుక్కాని మీద చెయ్యి వేసి, వినబడనట్టు దూరంగా చూస్తున్నాడు. జవాబు వెతుక్కోవడానికి నా ముందు ఇంకా ఇరవై మైళ్ల నీళ్లున్నాయి.